ప్రీమెడ్ మానేస్తానని ఇంట్లో ఎలా చెప్పాలి? వీసా మీదకి నెట్టేయొచ్చా?

మజ్జిగపులుసు:
అందరికీ నమస్తే. ఆరో క్లాసులో గుంటూరు నుంచి డల్లాస్ వచ్చేశాను, టైపింగ్‌లో తప్పులుంటే ఏమనుకోవద్దు. ఇప్పుడు బయాలజీ మేజర్, జూనియర్ ఇయర్ (మూడో ఏడాది), ప్రీమెడ్, అంటే మెడికల్ స్కూల్‌కి ప్రిపేరవ్వడం. గ్రేడ్స్ బానే ఉన్నాయి, ఆర్గానిక్ కెమిస్ట్రీ రెండూ అయిపోయాయి, అసలు ప్రాబ్లం అదే, మార్కులు రాకపోతే ఈజీగా బయటపడేదాన్ని కదా. సమ్మర్‌లో ఒక కార్డియాలజిస్ట్ దగ్గర షాడోయింగ్ (వెంట తిరిగి పని చూడటం) చేశాను, రోజంతా గది తర్వాత గది, నాకు టైం చూసుకోవడమే సరిపోయింది. అదే ఎపిడెమియాలజీ (రోగాలు ఎక్కడ, ఎవరికి ఎక్కువో చూసే సబ్జెక్ట్) క్లాసులో ప్రాజెక్ట్ ఇచ్చారు, ఏ జిప్ కోడ్ నుంచి షుగర్ పేషెంట్లు ఎక్కువగా ఎమర్జెన్సీకి వస్తున్నారో డేటా తీసి మ్యాప్ గీయాలి, తెల్లారిపోయినా లేవబుద్ధి కాలేదు. బయోస్టాటిస్టిక్స్‌కి, అంటే హెల్త్ డేటా లెక్కల వైపు, వెళ్దామనుంది.

నాన్న అప్పట్లో ఎంసెట్ మెడిసిన్ రాసి ర్యాంకు రాక ఎంసీఏ చేసి ఇటొచ్చారు. ఎమ్‌క్యాట్ (మెడికల్ స్కూల్ ఎంట్రన్స్) పుస్తకాల సెట్టు మొత్తం కొనిపెట్టారు. ఊళ్ళో నాయనమ్మ ఇప్పటికే మనవరాలు డాక్టరని చెప్పేసింది. నేనింకా నాన్న వర్క్ వీసా మీద వచ్చే హెచ్4లోనే ఉన్నా, గ్రీన్‌కార్డ్ క్యూ కదలట్లేదు, వచ్చే మార్చికి నాకు 21 నిండుతాయి, ఆపైన హెచ్4 ఉండదు, ఎఫ్1కి (స్టూడెంట్ వీసా) మారాలి. గ్రీన్‌కార్డ్ లేకపోతే చాలా మెడికల్ స్కూల్స్ అప్లికేషనే తీసుకోవు. అందుకే వీసా వల్ల కుదరట్లేదు నాన్నా అని చెప్పేద్దామని ప్లాన్. ఎవరికైనా వర్కౌట్ అయిందా?

నైట్‌డ్యూటీ:
ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెంట్‌ని, అంటే హాస్పిటల్లో ట్రైనింగ్‌లో ఉన్న డాక్టర్‌ని. చెల్లీ, ఆ ప్లాన్ మాత్రం వద్దు. మీ నాన్నగారు ఐటీ మనిషి, ప్రాబ్లం చూపిస్తే ఊరుకుంటారా, వారం తిరక్కుండా కరీబియన్ మెడికల్ కాలేజీల ఎక్సెల్ షీటు తయారు చేస్తారు, లేదంటే నీట్ రాయించి మన దగ్గరే ప్రైవేట్ కాలేజీలో ఎన్నారై కోటా అంటారు, ఏపీలోనూ తెలంగాణలోనూ ఆ కోటా 15 శాతం ఉంది మరి. అప్పుడేం చెప్తావ్? ఇష్టం లేదు అన్నదానికి మాత్రం ఆయన దగ్గర ఎక్సెల్ షీటు ఉండదు.

ఇంకోటి, మన పెద్దవాళ్ళ బుర్రలో ఇంటర్ అవగానే ఐదున్నరేళ్ళలో ఎంబీబీఎస్ అనే లెక్కే ఉంటుంది. ఇక్కడ డిగ్రీ నాలుగేళ్ళు, మెడికల్ స్కూల్ నాలుగేళ్ళు, ఆపైన రెసిడెన్సీ తక్కువలో తక్కువ మూడేళ్ళు, జనరల్ సర్జరీ అయితే ఐదు, న్యూరోసర్జరీ ఏడు. ఇష్టంతో వచ్చిన మాకే చుక్కలు కనిపిస్తున్నాయి.

గోదారిగట్టు:
అందరూ ఆవేశపడి మానెయ్ మానెయ్ అనకండి. ఫిజిక్స్, బయోకెమ్ ఎలాగూ బయాలజీ డిగ్రీలో వచ్చేవే, ఎమ్‌క్యాట్ ఒక్కసారి రాసి పక్కన పెట్టు, స్కోర్ రెండు మూడేళ్ళు చెల్లుతుంది, గ్యాప్ ఇయర్స్ తీసుకుని వెళ్ళేవాళ్ళు బోలెడు మంది. మనసు మారదని గ్యారంటీ ఏంటి, ఈలోపు గ్రీన్‌కార్డ్ రావచ్చు కూడా.

నైట్‌డ్యూటీ:
@గోదారిగట్టు అన్నా, 528కి 515 వచ్చిందనుకో, ఆ సాయంత్రమే ఇంట్లో స్వీట్లు పంచేస్తారు, ఆ తర్వాత చెప్పమను చూద్దాం.

ప్లేనో_అమ్మ:
మా వాడు సోఫోమోర్‌లో (రెండో ఏడాది) ఉండగా ప్రీమెడ్ మానేస్తున్నా అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడమ్మా, నాకు ఇంకా మంట అదే, మానేసినందుకు కాదు. వాళ్ళ నాన్న చాలా రోజులు వాడితో ముభావంగానే ఉన్నారు. నువ్వు మీ అమ్మకి ముందు చెప్పుకో, కానీ నాన్నకి అమ్మ చేత చెప్పించకు, మధ్యలో నలిగిపోయేది మేమే. ఇంక నలుగురూ ఏమంటారో అంటావా, ఆ ఏడాది బతుకమ్మకి అందరూ అడిగారు, మరుసటి ఏడాది వాళ్ళ పిల్లల గొడవలు వాళ్ళకి వచ్చాయి. మా ఆయన మెత్తబడింది మాత్రం వాడు ఏ కోర్సులు, ఎన్ని సెమిస్టర్లు, ఖర్చెంత అని కాగితం మీద రాసి ముందు పెట్టాకే.

డేటాబాబాయ్:
ఆ కాగితం సంగతి నేను చెప్తా. మేజర్ మార్చక్కర్లేదు. బయోస్టాట్ మాస్టర్స్‌కి సాధారణంగా మల్టీవేరియబుల్ దాకా కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా అడుగుతారు, వచ్చే సెమిస్టర్లోనే రిజిస్టర్ అవ్వు, ఆర్ (R, స్టాటిస్టిక్స్ ప్రోగ్రామింగ్) నేర్చుకో. ఎఫ్1 అన్నావ్ కాబట్టి, ఇది స్టెమ్ (సైన్స్, మ్యాథ్స్ కోర్సులు) కిందకొస్తుంది, ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ పనిచేసే పర్మిషన్) 12 నెలలు, పైన ఇంకో 24. మెడికల్ స్కూల్ వైపు చూస్తే ఎఫ్1కి ఫెడరల్ (ప్రభుత్వ) లోన్ అసలే లేదు, కొన్ని కాలేజీలు ఏళ్ళ ఫీజు ముందే ఎస్క్రోలో (మధ్యవర్తి ఖాతాలో) పెట్టమంటాయి. పోనీ సిటిజన్లకే సుఖమా, 2026 జులై నుంచి కొత్తగా తీసుకునేవాళ్ళకి ఫెడరల్ లోన్ ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం 2 లక్షలు దాటదు. ఇవన్నీ ఆయన అడిగితే చెప్పు, నీ అంతట నువ్వు మొదలెట్టకు, నైట్‌డ్యూటీ చెప్పినట్టు మళ్ళీ ఎక్సెల్ షీటు తెరుస్తారు.

మజ్జిగపులుసు:
థాంక్స్ అందరికీ. వీసా సంగతి ఎత్తను. లీనియర్ ఆల్జీబ్రాలో సీట్లు ఉన్నాయి, ఇప్పుడే పెట్టేశా. శనివారం నాన్నతో సరుకులకి కాస్ట్‌కోకి వెళ్తా, కార్లో ఇద్దరమే ఉంటాం, అక్కడ చెప్పేస్తా.

ప్లేనో_అమ్మ:
కార్లో వద్దు తల్లీ, హైవే మీద ఆయన నీ వంక చూస్తే ఇంకేమన్నా ఉందా. ఇంటికొచ్చి పాల క్యాన్లు ఫ్రిజ్‌లో సర్దేసి, ఆయన కాఫీ తాగాక చెప్పు.