సలీం అలీ పండ్ల గబ్బిలం: పాత మ్యూజియం నమూనాల వివరాలు ఎక్కడ వెతకాలి?

అందరికీ నమస్కారం. దక్షిణ పశ్చిమ కనుమల్లో సలీం అలీ పండ్ల గబ్బిలం ఎక్కడెక్కడ దొరికిందో, మ్యూజియం నమూనాల ఆధారంగా ఒక పట్టిక తయారుచేస్తున్నాను. మొదటి నమూనా కథ తెలిసిందే. 1948లో ప్రకృతి పరిశీలకుడు ఆంగస్ హట్టన్ తమిళనాడులోని హై వేవీ కొండల్లో (మేఘమలై) సేకరించారు, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీలో అది మామూలు పండ్ల గబ్బిలం పేరుతోనే ఉండిపోయింది. 1972లో థాయ్ జంతుశాస్త్రవేత్త కిట్టి తోంగ్‌లాంగ్యా దాన్ని చూసి, జాతి (స్పీషీస్) మాత్రమే కాదు, ప్రజాతి (జీనస్) కూడా కొత్తదేనని తేల్చారు. ఇన్నేళ్లు సొరుగులోనే ఉందంటే ఆశ్చర్యమే!

నా అనుమానం కూడా అక్కడే. సినోప్టెరస్ (ఆ మామూలు పండ్ల గబ్బిలం ప్రజాతి) అని లేబుల్ ఉన్న పాత నమూనాల్లో ఇలాంటివి ఇంకా ఉండొచ్చు కదా? తోక లేకపోవడం, కింది దవడలో ఒక్క జత కుంతకాలే (ముందు పళ్లే) ఉండటం చూస్తే తేడా తెలిసిపోతుంది. సినోప్టెరస్‌కి చిన్న తోక, కింద రెండు జతలు ఉంటాయి. కేరళ, తమిళనాడు కొండల నుంచి వచ్చిన నమూనాల్లో ఎవరైనా పుర్రెలు పరిశీలించారా? ఏ మ్యూజియంలో, ఎవరి అనుమతి అడగాలి?

ఇంకో చిక్కు. లేబుల్ మీద మధురై జిల్లా అని ఉంటే, హై వేవీ కొండలు ఇప్పుడు తేని జిల్లాలో ఉన్నాయి. ఎస్టేట్ పేరు మాత్రమే ఉన్నప్పుడు అక్షాంశ రేఖాంశాలు ఎలా వేస్తారు, పొరపాటు పరిధి ఎన్ని కిలోమీటర్లు పెడతారు? లేబుల్ ఫొటో ఉన్నా చాలు, పంపండి.