108లో పై అధికారి ఎవరు ఉండాలి: బండి మీద పనిచేసినవాళ్ళా, ఎంబీఏ చదివినవాళ్ళా?

చింతూరు_దారి

జిల్లాలో 108 అంబులెన్స్ బండ్లను చూసుకునే అధికారి ఈఎంఈ, ఆ పైన జిల్లా మేనేజర్. ఈ రెండు ఉద్యోగాలకూ కనీసం ఐదేళ్ళు ఈఎంటీగా, అంటే బండిలో రోగిని చూసే ఉద్యోగిగా, పనిచేసి ఉండాలని నిబంధన పెట్టాలంటాను. కాదనేవాళ్ళు కారణం చెప్పండి, తిట్లు వద్దు.

నేను ఏజెన్సీలో ఈఎంటీని. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, బండిలో ఉండేది ఇద్దరమే: వైద్యం చూసే ఈఎంటీ, నడిపే పైలట్. పోయిన వానాకాలం ఒక గర్భిణిని ఊరివాళ్ళు డోలీలో వాగు దాటించి తెచ్చారు. బండిలోకి ఎక్కించేసరికే బిడ్డ తల కనబడుతోంది. కాల్ సెంటర్‌లో ఉండే డాక్టర్‌ని అడుగుదామంటే సిగ్నల్ లేదు. అక్కడే కాన్పు చేశాం. తల్లీబిడ్డా బాగున్నారు. మర్నాడు పైనుంచి ఫోన్. "సీన్ దగ్గర అంతసేపు ఎందుకు ఆగారు? ట్యాబ్‌లో టైమ్ ఎర్రగా చూపిస్తోంది."

మాయ పూర్తిగా పడిందా, రక్తం ఎంత పోయింది, మీకేమైనా సామాను తక్కువైందా అని ఒక్క ప్రశ్న లేదు. అడగాలని ఆయనకు తెలియదు మరి. ఒక్క కాన్పైనా బండిలో చేసినవాడు అలా ఫోన్ చేయడు.

రూటు_లెక్క

నేను ఆపరేషన్స్‌లో పనిచేసిన ఎంబీఏనే. ఆ ఫోన్ చేసిన పద్ధతి తప్పు, ఒప్పుకుంటాను. కానీ దానికి మీరు చెప్పే మందు పనిచేయదు.

ఈఎంఈ రోజు ఎలా గడుస్తుందో చెప్తాను. పొద్దున్నే ఒక బండి క్లచ్ పోయిందని కబురు. దాని బదులు బ్యాకప్ బండి పంపాలి, అది అప్పటికే ఇంకో మండలంలో ఉంటుంది. ఆక్సిజన్ సిలిండర్లు నింపేవాడు పాత బిల్లు వస్తేగానీ ఇవ్వనంటాడు. ఒక పైలట్‌కి ఇంట్లో చావు, ఇంకొకరికి జ్వరం. మధ్యాహ్నానికి కలెక్టరేట్‌లో మీటింగ్, నెల రిపోర్ట్. వీటిలో వైద్యం ఎక్కడుంది అన్నా? ఇది బండ్ల పని, మనుషుల పని, లెక్కల పని. వీటిలో ఏ ఒక్కటీ ఈఎంటీ కోర్సులో నేర్పరు.

టైమ్ గురించి కూడా. ఆంధ్రలో 2020 జులై 1న విజయవాడ బెంజ్ సర్కిల్‌లో కొత్త బండ్లు ప్రారంభించినప్పుడు ప్రభుత్వమే చెప్పింది: పట్టణాల్లో 15 నిమిషాలు, పల్లెల్లో 20, ఏజెన్సీలో 30. అంతకుముందు రాజశేఖర రెడ్డి గారు సభల్లో "కుయ్ కుయ్" అంటూ చెప్పిందీ నిమిషాల మాటే. జనం 108ని నమ్మింది అందుకే. ఆ అంకెను కాపాడేవాడిని విలన్ చేయకండి.

ఇంకోటి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108ని మొదలుపెట్టింది డాక్టర్లు కాదు. సత్యం అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపిన రామలింగరాజు పెట్టిన సంస్థ ఈఎంఆర్ఐ, 108ని మొదలుపెట్టింది అదే. ఒకే నంబర్, కాల్ ఎత్తేవాళ్ళు వేరు, బండి పంపేవాళ్ళు వేరు, సలహా చెప్పే డాక్టర్ వేరు అనే పద్ధతంతా మేనేజ్‌మెంట్ బుర్ర నుంచి వచ్చిందే. 2009లో సత్యం లెక్కల మోసం బయటపడ్డాక ఈఎంఆర్ఐ జీవీకే గ్రూపు చేతికి వెళ్ళింది, సర్వీసు మాత్రం నిలబడింది. వ్యవస్థ గట్టిగా ఉంది కాబట్టే.

మంచి ఈఎంటీని కుర్చీలో కూర్చోబెడితే బండిలో ఒక మంచి చెయ్యి పోతుంది, ఆఫీసులో తడబడే అధికారి ఒకడు వస్తాడు. నిన్నటిదాకా కలిసి టీ తాగిన బ్యాచ్‌మేట్‌కి మెమో ఎలా ఇస్తాడో అదీ చూద్దాం.

పాత_పైలట్

ఈఎంటీ, ఎంబీఏ అని మీరిద్దరే పంచేసుకున్నారు. పైలట్ ఎవరికీ గుర్తురాడు. రాత్రిపూట పన్నెండు గంటల పాటు బండి తోలినవాడికి ఏ ఊరి స్పీడ్ బ్రేకర్ ఎక్కడుందో, ఏ గేటు ఎప్పుడు పడుతుందో తెలుసు. మమ్మల్ని ఎప్పుడైనా మీటింగ్‌కి పిలిచారా?

నాకు గుర్తున్న పై అధికారి ఒకాయనే. యాక్సిడెంట్ కేసులో మేం వెళ్ళేసరికి కుర్రాడిలో కదలిక లేదు. చనిపోయాడని చెప్పే అధికారం మాకు లేదు, ఆస్పత్రిలో డాక్టరే చెప్పాలి. లేటుగా వచ్చారని జనం మమ్మల్ని కొట్టారు, అద్దాలు పగలగొట్టారు. ఆయన రాత్రి ఒంటిగంటకు స్కూటర్ మీద స్టేషన్‌కి వచ్చి, కంప్లైంట్ తన పేరు మీద రాసిచ్చి, తెల్లారేదాకా మాతోనే కూర్చున్నాడు. ఏం చదివాడో ఇప్పటికీ తెలియదు.

క్యాజువాల్టీ_డాక్టరమ్మ

జిల్లా ఆస్పత్రిలో, 108 పేషెంట్లను దింపుకునే వైపు నేనుంటాను. పైలట్ గారు చెప్పినట్టు మంచితనం ఏ డిగ్రీతోనూ రాదు. కానీ మంచివాళ్ళు దొరికినప్పుడే నడిచే పద్ధతిని పద్ధతి అనలేం కదా.

ఈ జిల్లా ఆఫీసులో అసలు లేని ఉద్యోగం ఒకటుంది. ఈఎంటీ ప్రతి కేసుకీ కాగితం నింపి నాకిస్తాడు: బీపీ ఎంత, స్పృహ ఎలా ఉంది, ఏమిచ్చాడు, ఎన్ని గంటలకి. ఆ కాగితాలను వారానికోసారైనా వైద్యం తెలిసినవాళ్ళు చదివి "తలకు దెబ్బ తగిలినవాడికి మెడ పట్టీ ఎందుకు వేయలేదు?" అనో, "ఆ కాన్పు బాగా చేశావు" అనో ఈఎంటీకి ఎవరు చెబుతున్నారు? కాల్ సెంటర్ డాక్టర్ ఆ నిమిషానికి సలహా చెబుతారు, అంతే. ఆ కాన్పు కేసు మీద అడగాల్సిన ప్రశ్నలు చింతూరు గారే రాశారు. వాటిని అడగాల్సింది ఈఎంఈ కాదు, జిల్లాకొక డాక్టర్.

మనుషులు లేరనకండి. మన దేశంలో ఎమర్జెన్సీ మెడిసిన్‌ని ఎండీ స్పెషాలిటీగా గుర్తించింది 2009లో. ఇప్పుడు ఆ పిల్లలు చాలామంది కార్పొరేట్ ఆస్పత్రుల్లో ఉన్నారు. ఈఎంఆర్ఐ అయితే అంతకన్నా ముందే, 2007లో, స్టాన్‌ఫర్డ్‌తో కలిసి పారామెడిక్స్‌కి రెండేళ్ళ కోర్సు మొదలుపెట్టింది. ఆ ఊపు జిల్లాల దాకా రాలేదని నా అసంతృప్తి.

మా తప్పు కూడా రాస్తాను. నా క్యాజువాల్టీలో స్ట్రెచర్ ఖాళీ ఉండదు. పేషెంట్ 108 స్ట్రెచర్ మీదే పడుకుంటాడు, బండి గేటు దగ్గర ఆగిపోతుంది. అవతల ఇంకో కాల్ వస్తుంది. ఎంబీఏ వచ్చి సూపరింటెండెంట్‌ని అడిగితే ఏమవుతుంది? "చూద్దాం" అంటారు. సాటి డాక్టర్ అడిగితే కనీసం జవాబు చెప్పాల్సి వస్తుంది.

లీడ్స్_నుంచి

ఇంగ్లండ్‌లో నర్సుని, ఊరు గుంటూరు. ఇక్కడి సంగతి రెండు ముక్కలు.

1992 అక్టోబర్ 26న లండన్ అంబులెన్స్ సర్వీసు ఏ కాల్‌కి ఏ బండి వెళ్ళాలో కంప్యూటరే చూసే కొత్త డిస్పాచ్ పద్ధతిని మొదలుపెట్టింది. సిబ్బందికి సరైన ట్రైనింగ్ లేదు, తొందరపెట్టి ఎక్కించారు. ఒక చోటికి రెండు బండ్లు, ఇంకో చోటికి గంటల తరబడి ఏదీ లేదు. చీఫ్ ఎగ్జిక్యూటివ్ రాజీనామా చేశాడు. మరుసటి ఏడు వచ్చిన విచారణ నివేదిక మేనేజ్‌మెంట్‌ని గట్టిగానే తప్పుబట్టింది. ఇది చింతూరు గారి వైపు వాదన.

ఇక రూటు లెక్క గారి నిమిషాలు. ఇక్కడ ప్రాణాపాయం కాల్స్‌లో 75 శాతం 8 నిమిషాల్లో చేరాలని ఏళ్ళ తరబడి రూలు. దాంతో గడియారం ఆపడానికి ముందు కారో బైకో పంపేవాళ్ళు, పేషెంట్‌ని ఎక్కించుకునే బండి తర్వాతెప్పుడో వచ్చేది. 2017లో ఆ లెక్కే మార్చారు. ఒకటి గమనించండి, ఆ గడియారం వెంట పరుగెత్తిన మేనేజర్లలో బండి మీద నుంచి ఎదిగినవాళ్ళూ ఉన్నారు. కుర్చీ ఏం కొలవమంటే మనిషి అదే కొలుస్తాడు.

చింతూరు_దారి

లీడ్స్ గారి చివరి మాట నాకు గుచ్చుకుంది, నిజమే కావచ్చు. డాక్టరమ్మ గారూ, జిల్లాకొక డాక్టర్ వస్తే మొదట సంతోషించేది మేమే. కానీ ఆ డాక్టర్ కూడా సిటీలో కూర్చుని మా కాగితం చదివితే నాకు పాత ఫోనే కొత్త గొంతుతో వస్తుంది. నెలకో రెండు షిఫ్టులు మా బండి ఎక్కాలి. వాగు దగ్గరికి రావాలి. ఈఎంఈకి ఐదేళ్ళ నిబంధన మాత్రం వదులుకోను. బండ్ల లెక్కలు ఆరు నెలల్లో నేర్పొచ్చు, రోగి పక్కన కూర్చున్న అనుభవం అలా నేర్పలేరు.

రూటు_లెక్క

ఐదేళ్ళు ఎవరి పుస్తకంలో? ప్రభుత్వం టెండర్ పిలిచి 108ని కంపెనీకి అప్పగిస్తుంది; ఆంధ్రలో ఆ నిర్వహణ సంస్థ 2017లో మారింది, 2020లో మళ్ళీ మారింది. సంస్థ మారిన ప్రతిసారీ పాత సర్వీసు, గ్రాట్యుటీ ఏమవుతాయని మనవాళ్ళు రోడ్డెక్కాల్సిందే. టెండర్ ఎప్పుడు ముగుస్తుందో తెలిసిన కంపెనీ పదేళ్ళ తర్వాత పనికొచ్చే మేనేజర్‌ని ఎందుకు తయారుచేస్తుంది? నువ్వు అడగాల్సింది కంపెనీని కాదు, టెండర్ రాసే ఆరోగ్యశాఖని.

క్యాజువాల్టీ_డాక్టరమ్మ

అయితే మూడూ టెండర్‌లోనే రాయించాలి. సంస్థ మారినా సర్వీసు లెక్క కొనసాగాలి. నిమిషాలతో పాటు కేసు కాగితాల తనిఖీకీ మార్కులుండాలి. జిల్లా డాక్టర్ జీతం కంపెనీ కాదు, ప్రభుత్వమే ఇవ్వాలి. లేకపోతే కంపెనీ తప్పు రాయడానికి ఆ డాక్టర్ చెయ్యాడదు. యూనియన్‌వాళ్ళు వినతిపత్రం తయారుచేస్తే ఆస్పత్రి వైపు నుంచి నేను సంతకం పెడతాను.

పాత_పైలట్

నాలుగోది కలపండి మేడం. ఆ తనిఖీ మీటింగ్‌లో పైలట్‌కి కూడా కుర్చీ.