గ్వాటెమాలా మిషన్ ట్రిప్‌కు మా అమ్మాయి: డబ్బు కట్టే ముందు ఏమేమి అడగాలి?

ఒంగోలు నర్సమ్మ (ప్రశ్న)

అందరికీ వందనాలు. మేం హూస్టన్‌లో ఉంటాం. ఇక్కడి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సుని. మా అమ్మాయి కాలేజీలో రెండో ఏడు చదువుతోంది. కాలేజీలోని క్రైస్తవ విద్యార్థుల బృందం మార్చి సెలవుల్లో గ్వాటెమాలాకు మిషన్ ట్రిప్ పెట్టుకుంది. మా పిల్ల మమ్మల్ని అడగకుండానే పేరిచ్చేసింది. మనిషికి రెండువేల చిల్లర డాలర్లు. సగం సొంతంగా కట్టుకోవాలి, మిగతాది తెలిసినవాళ్లకు ఉత్తరాలు రాసి పోగు చేయాలట. ఈవిడ గారు చీరాలలో ఉన్న మా అన్నయ్యకు కూడా ఇంగ్లీషులో ఉత్తరం పంపింది. ఆయన వెంటనే నాకు ఫోన్ చేసి, "ఏమ్మా, అక్కడ మీకు అంత కష్టంగా ఉందా? ముందే చెప్పొచ్చు కదా" అన్నాడు. ఆయనకు నచ్చజెప్పేసరికి నా నిద్ర టైము అయిపోయింది.

విశ్వాసం విషయంలో నాకు పేచీ లేదు. మాది మూడు తరాల బాప్టిస్టు కుటుంబం. పిల్ల తనంతట తాను సేవ చేస్తానంటే సంతోషమే. అనుమానాలన్నీ కార్యక్రమ పట్టిక చూశాకే మొదలయ్యాయి.

చిమాల్తెనాంగో వైపు ఒక కొండ గ్రామం. మూడు రోజులు ఇళ్లలో పొగ గొట్టం ఉన్న పొయ్యిలు కడతారు. ఒక రోజు వైద్య శిబిరం. రెండు సాయంత్రాలు పిల్లలకు పాటలు, నాటిక. చివర ఆంటిగ్వా ఊళ్లో బజారు.

వైద్య శిబిరం సంగతి చూడండి. విద్యార్థులే బీపీ చూస్తారట, నులిపురుగుల మాత్రలు, విటమిన్లు పంచుతారట, ఆ పక్క బల్ల దగ్గరే ప్రార్థన చేస్తారట. మా వార్డులో కొత్తగా వచ్చిన నర్సింగ్ విద్యార్థి చేతికి నేను పారాసెటమాల్ కూడా ఒంటరిగా అప్పగించను. మా అమ్మాయి చదివేది అకౌంటెన్సీ. బీపీ 180 చూపిస్తే ఈ పిల్ల ఏం చేస్తుంది? ఆ మనిషి భాషలో "ఈ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి" అని ఎవరు చెబుతారు? ఆ డాక్టరు ఎక్కడున్నాడు?

ఇక పొయ్యిలు. ఎనభైలలో మన ప్రభుత్వం ఊరూరా పొగలేని పొయ్యిలు కట్టించింది, కొందరికైనా గుర్తుండే ఉంటుంది. మా అమ్మమ్మ వంటింట్లోనూ ఒకటి కట్టారు. మొదట్లో బాగానే ఉంది. తర్వాత గొట్టం మసితో పూడుకుపోయింది. విప్పి దులపడం ఎవరికీ చెప్పలేదు, కట్టినవాడు మళ్లీ రాలేదు. పైగా గొట్టం కోసం కప్పుకు పెట్టిన కంతలోంచి వాన నీళ్లు కారి పిడకలు తడిసేవి. ఏడాది తిరిగేసరికి అమ్మమ్మ పెరట్లో మూడు రాళ్లు పెట్టుకుంది. ఆ కొత్త పొయ్యి గూట్లో కోడిపెట్ట పొదుగుడు కూర్చునేది. అందుకే ఆ పట్టికలో "12 పొయ్యిలు" అని చదవగానే, "వీటి గొట్టాలు దులిపేది ఎవరు?" అనే మాటే ముందు నోట్లోకి వచ్చింది.

ఇంకో చిన్న సంగతి. మా అమ్మాయితో పాటు, వరంగల్ నుంచి వచ్చి ఎఫ్‌-1 విద్యార్థి వీసా మీద చదువుతున్న స్నేహితురాలు కూడా వస్తానంటోంది. ఆ పిల్లకేమైనా ఇబ్బందా?

ఇలాంటి ట్రిప్‌లకు వెళ్లొచ్చినవాళ్లు, అంతకన్నా ముఖ్యంగా ఇలాంటి బృందాలకు ఆతిథ్యం ఇచ్చినవాళ్లు చెప్పండి.

కృపాక్షేమం

ప్రార్థన చేసి పంపండి సిస్టర్. ప్రభువు పని మీద వెళ్లే పిల్లలకు ఇన్ని లెక్కలు ఎందుకు?

ఒంగోలు నర్సమ్మ

ప్రార్థన చేశాకే ఇక్కడ రాశాను బ్రదర్.

ఆస్టిన్ తమ్ముడు

అక్కా, నేను చదువుకునే రోజుల్లో ఆ కొండ ప్రాంతానికే వెళ్లాను. ముందే తెలిసి ఉంటే బాగుండేదనిపించినవి చెబుతాను.

"సువార్త అందని ఊళ్లు" అని మాకు చెప్పి తీసుకెళ్లారు. దిగిన మొదటి రాత్రే రెండు సంఘాల మైకులు పోటీపడి మోగుతున్నాయి. మన గోదావరి జిల్లాల్లో క్రిస్మస్ నెల ఎలా ఉంటుందో అలా. గ్వాటెమాలా జనాభాలో దాదాపు ప్రతి పదిమందిలో నలుగురు ఇవాంజెలికల్ (ప్రొటెస్టెంట్) విశ్వాసులే. 1976 ఫిబ్రవరి 4న అక్కడ పెద్ద భూకంపం వచ్చి సుమారు 23,000 మంది చనిపోయారు. అత్యంత ఘోరంగా దెబ్బతిన్న చోట్లలో చిమాల్తెనాంగో ఒకటి. సహాయం పట్టుకుని వచ్చిన ప్రొటెస్టెంట్ సంస్థలు చాలా ఆ తర్వాత అక్కడే వేళ్లూనుకున్నాయి. అంటే మీ అమ్మాయి వెళ్లే ఊళ్లో ఆమె కన్నా బైబిలు బాగా తెలిసిన ముసలమ్మలు ఉంటారు. పిల్లలు "మేం నేర్పడానికి వెళ్తున్నాం" అనుకుని వెళ్తే మొదటి రోజే నీరుగారిపోతారు. స్థానిక సంఘం పిలిచిందా, వీళ్లే వెళ్తున్నారా అన్నది ముందు అడగండి. పాస్టరు పేరు, ఫోను నంబరు ఇవ్వగలిగితే పిలిచినట్టే.

రెండోది భాష. అక్కడ ఇంట్లో ఆడవాళ్లు మాట్లాడుకునేది కక్చికెల్, అది మాయా భాషల్లో ఒకటి. పెద్దవాళ్లలో కొందరికి స్పానిష్ అంతంతమాత్రం. మేం ఆరు వారాలు స్పానిష్‌లో బట్టీపట్టిన నాటికలో తప్పిపోయిన కుమారుడు పందుల దగ్గర ఏడుస్తుంటే పిల్లలంతా పగలబడి నవ్వారు. మాకు చప్పట్లయితే దక్కాయి.

పొయ్యిల పని మాత్రం నాకు నచ్చింది. సిమెంటు దిమ్మెలు పేర్చి, పైన ఇనుప పలక వేసి, రేకుల కప్పులోంచి గొట్టం పైకి తీస్తారు. పలక మీదే రొట్టెలు కాల్చుకుంటారు. మాతో ఉన్న స్థానిక మేస్త్రీ ఒక్కడే రోజుకు రెండు కట్టగలడు, మేం దిమ్మెలు మోసి, బురద కలిపి ఇచ్చేవాళ్లం. కూలివాళ్లకు మల్లే పనిచేస్తే పనికొచ్చాం. మేస్త్రీలమనుకున్నప్పుడు అడ్డమొచ్చాం.

చికాగో చలి

డబ్బు లెక్క గురించి నేనొకటి చెప్పాలి. 1998లో హరికేన్ మిచ్ హొండురాస్‌ను ముంచేసిన తర్వాత ఉత్తర అమెరికా నుంచి బృందాలు వెళ్లి ఇళ్లు కట్టాయి. కాల్విన్ కాలేజీ ఆచార్యుడు ఒకరు తర్వాత ఆ ఇళ్లలో ఉన్నవాళ్లనూ, కట్టడానికి వెళ్లినవాళ్లనూ కలిసి పరిశోధించారు. ఒక ఇంటికి దాదాపు 2,000 డాలర్లు. ఒక బృందం రాకపోకల ఖర్చు దాదాపు 30,000. విదేశీ బృందాలు కట్టిన ఇళ్లలో ఉన్నవాళ్లకూ, హొండురాస్‌వాళ్లే కట్టిన ఇళ్లలో ఉన్నవాళ్లకూ జీవితంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదట. వెళ్లొచ్చినవాళ్ల అలవాట్లు కూడా వాళ్లు చెప్పుకున్నంత మారలేదట. అందుకని ట్రిప్ వద్దనను. "పేదల కోసం" అని ఉత్తరంలో రాసి టికెట్టుకు అడగడం మాత్రం నాకు నచ్చదు. "నేను నేర్చుకోవడానికి వెళ్తున్నాను, సాయం చేయండి" అని రాస్తే నేనూ యాభై డాలర్లిస్తాను. మీ అన్నయ్య గారు కూడా కంగారుపడరు.

వరంగల్ అమ్మాయి విషయం: కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ప్రయాణ సంతకం తాజాగా ఉందో లేదో చూసుకోవాలి. అది మామూలుగా ఏడాది చెల్లుతుంది. అంతకన్నా ముఖ్యం పాస్‌పోర్టులోని ఎఫ్‌-1 వీసా ముద్ర తిరిగి వచ్చే రోజుకు చెల్లుబాటులో ఉండాలి. గడువు ముగిసిన వీసాతో నెల రోజుల్లోపు వెళ్లి రావచ్చనే వెసులుబాటు కెనడా, మెక్సికో, చుట్టుపక్కల కొన్ని దీవులకే. గ్వాటెమాలాకు అది వర్తించదు. "ఫలానావాళ్లు మెక్సికో వెళ్లొచ్చారు కదా" అనే మాట నమ్మి బయలుదేరితే అక్కడే చిక్కుకుపోతుంది. కాలేజీలో విదేశీ విద్యార్థుల కార్యాలయంలో అడగమనండి.

కొల్లేరు గట్టు

అమ్మా, ఆతిథ్యం ఇచ్చినవాళ్లు చెప్పమన్నారు కనుక రాస్తున్నాను. మా సంఘానికి ఏళ్ల తరబడి విదేశీ విద్యార్థులు వచ్చారు. మంచి పిల్లలు. వంక పెట్టడానికి లేదు.

కానీ వాళ్లు వచ్చే ముందు నెల మా ఇంట్లో ఏం జరుగుతుందో ఎవరూ రాయరు. గదికి సున్నం, కొత్త దోమతెరలు, మంచినీళ్ల డబ్బాలు, కారం లేని కూరలు. మా ఆవిడ ఆ పది రోజులు ప్రసంగం ఒక్కటీ వినలేదు, వంటింట్లోనే ఉండిపోయింది. ఏడాది పొడవునా సండే స్కూలు చెప్పే టీచరమ్మ ఆ పది రోజులు వెనక నిలబడి బెలూన్లు ఊదేది. వాళ్లు వెళ్లిపోయాక వచ్చే ఆదివారం పిల్లలు ఆవిణ్ణి "ఇవాళ చాక్లెట్లు లేవా?" అని అడిగేవారు. ఆవిడ ముఖం నాకిప్పటికీ గుర్తుంది.

కాబట్టి మీ అమ్మాయికి చెప్పండి: ఆ ఊళ్లో రోజూ పాఠం చెప్పే మనిషి ఎవరో కనుక్కుని, ఆ మనిషి చేతే చెప్పించి, వీళ్లు చాపలు పరచాలి. బహుమతులేమైనా ఉంటే ఆ టీచరుకు అప్పగించి రావాలి, ఆవిడకు తోచినప్పుడు పంచుకుంటుంది. వంటింట్లోకి కూడా వెళ్లాలి. అంట్లు తోమితే ఏ భాషా అక్కర్లేదు.

ఇంకో మాట. మీ అన్నయ్య గారు "అంత దూరం ఎందుకు, మా ఊరికే తీసుకురండి" అనవచ్చు. మన దేశంలో పర్యాటక వీసా మీద వచ్చి మతప్రచారం చేయడానికి వీల్లేదు, దానికి మిషనరీ వీసా వేరే ఉంది. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నవాళ్లు కూడా మిషనరీ పనికి ముందుగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. చూసిపోవడానికి, చుట్టాలను కలవడానికి వస్తే మా ఇంట్లో భోజనం సిద్ధం.

పాత లెక్చరర్

నర్సమ్మ గారూ, మీరు మందుల బల్ల పక్కనే ప్రార్థన బల్ల అన్నారు కదా, ఆ మాట దగ్గరే నేను ఆగాను. మీ ఒంగోలులోనే దానికి జవాబుంది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1865లో వచ్చి, తెలుగు నేర్చి, ఒంగోలు కేంద్రంగా దశాబ్దాలు పనిచేశారు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో దాదాపు మూడున్నర మైళ్ల ముక్క కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పని, కూలి ఇచ్చారు. అంత జనం చుట్టూ ఉన్నా కరువు పని నడిచిన ఆ నెలల్లో బాప్తిస్మాలు ఆపేశారు. గింజల కోసం వచ్చారో, విశ్వాసంతో వచ్చారో తేలాలని. కరువు సహాయం ముగిశాక, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ సంఖ్య అందరూ చెప్పుకుంటారు, అంతకుముందు ఆపిన సంగతి తక్కువమంది చెబుతారు.

ఆకలితో ఉన్నవాడూ, జబ్బుపడ్డవాడూ ఇచ్చే "అవును"కు విలువ తక్కువ. మాత్ర తీసుకున్న చేత్తోనే ప్రార్థన వరుసలోకి నడిపిస్తే కాదనే ధైర్యం ఆ తల్లికి ఉండదు. రెంటినీ వేరే రోజుల్లో, వేరే చోట్ల పెట్టమనండి.

ఒంగోలు నర్సమ్మ

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, మా సంఘంలో క్లౌ దొర గురించి ఏటా వింటాను. బాప్తిస్మాలు ఆపిన సంగతి మాత్రం ఇప్పుడే విన్నాను.

నిన్న ఆ బృంద నాయకుడితో ఫోనులో మాట్లాడాను. పాతికేళ్లుంటాయేమో, మర్యాదస్తుడు. పిలిచింది ఎవరంటే ఆ ఊరి పాస్టరు పేరు, నంబరు ఇచ్చాడు. పొయ్యిల మేస్త్రీకి నెల జీతం ఉందట, ఆరు నెలలకోసారి ఇంటింటికీ వెళ్లి గొట్టాలు దులిపి, పగిలిన దిమ్మెలు మారుస్తాడట. అదొక్కటి వినగానే నాకు సగం భారం దిగింది. పొయ్యిల మీద పెద్ద పరిశోధన ఒకటి గ్వాటెమాలాలోనే జరిగింది, 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పొయ్యిలు మార్చిన ఇళ్లలో పిల్లలు పీల్చే పొగ సగానికి తగ్గింది, తీవ్రమైన న్యుమోనియా తగ్గింది, మొత్తం న్యుమోనియా కేసుల్లో మాత్రం తేడా స్పష్టంగా తేలలేదు. అక్కడ సిబ్బంది వారం వారం ఇళ్లకు వెళ్లి చూసేవాళ్లు. అంత కనిపెట్టుకుని ఉంటేనే అంత ఫలితం, కట్టేసి వచ్చేస్తే ఎంత ఉంటుందో మా అమ్మమ్మ కోడిపెట్టే చెప్పాలి.

వైద్య శిబిరం గురించి నేను గట్టిగానే మాట్లాడాను. స్థానిక ఆరోగ్య కేంద్రం డాక్టరు లేకుండా మాత్రలు ఇవ్వొద్దని, ప్రార్థన అదే చోట వద్దని చెప్పాను. మొదటిదానికి ఒప్పుకున్నాడు. రెండోదానికి "మా పెద్దలతో మాట్లాడి చెబుతాను" అన్నాడు. ఆ సంగతి తేలేదాకా మా అమ్మాయి శిబిరంలో కూర్చోదు, ఆ రోజు వంటింట్లో ఉంటుంది. కొల్లేరు గట్టు గారి మాట చదివి వినిపిస్తే తనే ఒప్పుకుంది, కాస్త గొణుక్కుంటూ.

ఉత్తరం తిరగరాసింది. ఈసారి పెద్ద మేనమామకు తెలుగులో రాయమన్నాను. మూడు వాక్యాలకే గంట పట్టింది. తను సొంతంగా కట్టాల్సిన డబ్బు ఇప్పటికి మేమే కడుతున్నాం, అందులో సగం మేమిచ్చినట్టు, మిగతాది వేసవిలో కాఫీ దుకాణంలో పనిచేసి మాకు తీర్చాలి.

చికాగో గారూ, వరంగల్ అమ్మాయి వీసా జనవరిలోనే అయిపోయిందట, అది చూసుకోనే లేదు. పాపం, ఆగిపోయింది. మీ యాభై డాలర్ల మాట మా పిల్ల గుర్తుపెట్టుకుంది, కాస్త జాగ్రత్త.

ఇక టీకాలు. హెపటైటిస్ ఎ చిన్నప్పుడే అయింది. టైఫాయిడ్ ఇంజెక్షను ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు పడాలి, మేడమ్ గారు ఇంకా వేయించుకోలేదు. శనివారం డ్యూటీ దిగగానే నేనే లాక్కెళ్తున్నాను.