అమ్మమ్మ రోజ్‌వుడ్ అల్మరా: రుద్దించి కొత్త పాలిష్ వేయించాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా?

నల్లకుంట అమ్మాయి:
అందరికీ నమస్కారం. అమ్మమ్మ పెళ్లినాటి రోజ్‌వుడ్ అల్మరా మా నల్లకుంట ఇంట్లో ఉంది. 1930లలో చేయించినది. తలుపుకి అంచులు చెక్కిన బెల్జియం అద్దం, పైన పూలతీగ నగిషీ. ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశాం, అల్మరా తమ్ముడి ఫ్లాట్‌కి వెళ్తోంది. పాలిష్ నల్లబడింది, ఒక పక్క నీళ్ల మచ్చలు, అద్దం నిండా చుక్కలు. తమ్ముడేమో మెషిన్‌తో మొత్తం రుద్దించి, పీయూ (పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ లాంటి గట్టి పూత) పాలిష్ వేయించి, అద్దం కూడా మార్చేద్దామంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. చూడటానికి వచ్చిన వ్యాపారి ఒకాయన కూడా పాలిష్ చేస్తే రేటు పెరుగుతుందన్నాడు. వచ్చే వారమే సామాను తరలించాలి, టెన్షన్‌గా ఉంది. మీరైతే ఏం చేస్తారు?

కోకాపేట 14వ అంతస్తు:
నేను మీ తమ్ముడి పక్షం. అది మ్యూజియం వస్తువు కాదండీ, బట్టలు పెట్టుకునే అల్మరా. నల్లగా, జిడ్డుగా, పాత వాసనతో ఉంటే పిల్లలున్న ఇంట్లో ఎవరూ వాడరు. వాడని వస్తువు చివరికి బాల్కనీకి చేరి ఎండకీ వానకీ పాడైపోతుంది. మెరిసేలా చేయించి గదిలో పెట్టుకుంటే ఇంకో రెండు తరాలు నిలుస్తుంది. చౌమహల్లా ప్యాలెస్ సంగతి చూడండి. పాడుబడ్డదాన్ని బాగుచేసి 2005లో జనానికి తెరిచారు, 2010లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది. ఉన్నదున్నట్టు వదిలేస్తే ఏం మిగిలేది?

చెక్కపని:
అన్నా, చౌమహల్లాలో సున్నపు నగిషీలు రాలిన చోట సున్నంతోనే పని చేశారు. సిమెంట్ మెత్తి ఎనామెల్ పెయింట్ కొట్టలేదు. బాగుచేయొద్దని ఇక్కడ ఎవరూ అనడం లేదు. దేనితో బాగుచేస్తున్నాం, రేపు ఇంకొకరు దాన్ని విప్పి మళ్లీ చేయగలరా అన్నదే ప్రశ్న.

పాత ఫర్నిచర్ మరమ్మతు నా వృత్తి. ఆ కాలపు రోజ్‌వుడ్ సామానుకి చాలావరకు లక్క పాలిష్ ఉంటుంది, దాన్నే ఫ్రెంచ్ పాలిష్ అంటారు. శుద్ధిచేసిన లక్క రేకుల్ని స్పిరిట్‌లో కరిగించి, గుడ్డలో దూది చుట్టిన ఉండతో పూత మీద పూత రుద్దుతారు. ఎన్నేళ్లయినా స్పిరిట్ తగిలితే ఆ పూత మళ్లీ కరుగుతుంది. అందుకే గీతలు పడ్డ చోట, వెలిసిన చోట అక్కడికక్కడే సర్దొచ్చు. కొత్త పూత పాతదానిలో కలిసిపోతుంది. పీయూ ఒకసారి గట్టిపడితే స్పిరిట్‌కి లొంగదు. లోతైన గీత పడితే ఆ పలక మొత్తం మళ్లీ రుద్దాలి, రుద్దిన ప్రతిసారీ చెక్క అరుగుతుంది.

మెషిన్ సంగతి ఇంకా ఘోరం. పూలతీగలో ఉలి తీసిన పదునైన అంచులు మొద్దుబారిపోతాయి. పక్క పలకలకి పల్చటి రోజ్‌వుడ్ పొర అతికించి ఉంటే అది అరిగి, కింద ఉన్న మామూలు చెక్క బయటపడుతుంది. రంగు కూడా మారుతుంది. రోజ్‌వుడ్ కొత్తగా కోసినప్పుడు ఊదా ఛాయలో ఉంటుంది, గాలికీ వెలుతురుకీ మెల్లగా గోధుమరంగులోకి వస్తుంది. ఆ రంగు రావడానికి దశాబ్దాలు పట్టింది, మెషిన్ పెడితే ఒక్క పూటలో పోతుంది. తర్వాత సీసాలో రంగు తెచ్చి పూస్తారు. చూస్తే తెలిసిపోతుంది.

అమ్మా, మీరు చేయాల్సింది ఇది. తలుపు లోపలివైపు కనపడని మూల ఒక దూది ముక్కతో రెండు చుక్కల స్పిరిట్ అద్దండి. జిగటగా అయితే లక్కే. మీరు నలుపు అంటున్నదానిలో చాలా భాగం చేతి జిడ్డు, దీపం పొగ, పాత మైనం అయ్యుంటుంది. తేలికపాటి సబ్బునీళ్లలో గుడ్డ ముంచి గట్టిగా పిండి, అదే మూలలో ముందు చూసి, ఆ తర్వాత తుడవండి, వెంటనే పొడి గుడ్డతో ఆరబెట్టండి. జాయింట్లు వదులైతే ఫెవికాల్ పోయనివ్వకండి. ఆ రోజుల్లో వాడింది సరేసు, అంటే పశువుల తోలు, ఎముకలతో చేసే జిగురు. అది వేడికీ తడికీ మెత్తబడుతుంది కాబట్టి చెక్క విరగకుండా విప్పి మళ్లీ అతికించొచ్చు.

కోకాపేట 14వ అంతస్తు:
వివరంగా చెప్పారు, థాంక్స్. కానీ మీ లక్క పాలిష్ మీద వేడి గ్లాసు పెడితే తెల్లటి మచ్చ పడుతుంది, నీళ్లు నిలిచినా అంతే. ఇవాళ్టి ఇళ్లలో అంత జాగ్రత్త ఎవరు పడతారు? అలా చేసేవాళ్లు దొరకడమే కష్టం, దొరికితే ఖర్చు.

చెక్కపని:
భోజనాల బల్ల అయితే మీ మాటలో బలం ఉంది, దాని మీద మందపాటి గాజు పలక వేసుకోమంటాను. అల్మరా తలుపు మీద టీ గ్లాసు ఎవరూ పెట్టరు. ఖర్చంటారా, మొత్తం రుద్ది పీయూ కొట్టించే డబ్బులో శుభ్రం చేసి సర్దే పని ఎంత చేయించొచ్చో ముందు కనుక్కోండి.

పురానీ హవేలీ:
"బట్టలు పెట్టుకునే అల్మరానే కదా" అన్న మాట దగ్గర ఆగిపోయాను. పురానీ హవేలీలో నిజాం మ్యూజియం చూశారా? ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా బట్టల అల్మరాలు ఆ గదిలోనే ఉన్నాయి. బర్మా టేకు, రెండంతస్తులు, పైకి వెళ్లడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్ట్. అవీ బట్టలు పెట్టుకునేవే. ఆయన కట్టిన బట్ట మళ్లీ కట్టేవాడు కాదంటారు, నిజమో కాదో గానీ ఆ గది చూశాక నమ్మబుద్ధేస్తుంది. అల్మరా నవాబుదైనా నల్లకుంట అమ్మమ్మదైనా ఒక కాలం ఎలా బతికిందో చెబుతుంది.

ఫ్లాట్‌లో ఎక్కడ పెడతారన్నది కూడా ముఖ్యం. బాత్రూమ్ గోడకి ఆనించొద్దు, చెమ్మతో పాటు చెదలొస్తాయి. పడమటి కిటికీ ఎండ నేరుగా పడే చోటా, ఏసీ గాలి తగిలే చోటా వద్దు.

పాత సామాను:
నేను వ్యాపారిని. మీ దగ్గరికి వచ్చినాయన అన్నది అబద్ధం కాదు, దుకాణంలో ఎక్కువమంది మెరుపు చూసే కొంటారు. కానీ తెలిసినవాడు ముందు సొరుగు లాగి అడుగు చూస్తాడు, వెనక పలక, తాళం, బందులు అసలువేనా అని చూస్తాడు. మెషిన్ పడిన వస్తువుని పక్కన పెట్టేస్తాడు.

ఈ వ్యాపారంలో నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే. పాత ఇళ్లు కూలినప్పుడు వచ్చే బర్మా టేకు దూలాలు, తలుపులు కోసి, బల్లలు చేసి, "వందేళ్ల యాంటిక్" అని అమ్ముతున్నారు. చెక్క పాతదే, బల్ల నిన్నటిది. పాత టేకుతో చేసిన కొత్త బల్ల అని చెప్పి అమ్మితే తప్పు లేదు, అలాంటివి నేనూ అమ్ముతాను. ఆ ముక్క బిల్లు మీద రాయనివాడి దగ్గర కొనకండి. మేకుల రంధ్రాలు అర్థంలేని చోట ఉన్నా, లోపల స్టార్ స్క్రూలు కనపడినా అనుమానించండి. గుండ్రటి బల్ల అయితే టేపు పెట్టి నిలువునా అడ్డంగా కొలవండి. చెక్క తన పొరలకి అడ్డంగానే ఎక్కువ కుంచించుకుపోతుంది, కాబట్టి నిజంగా పాతదైతే కొద్దిగా కోలగా మారి ఉంటుంది.

నల్లకుంట అమ్మాయి:
ఇంకో సందేహం. ఒక బిద్రీ కూజా కూడా ఉంది. అమ్మ దాన్ని ఇత్తడి చెంబులా చింతపండుతో తోమబోతే ఆపాను. ఇంకా, మా పెదనాన్న ఇంట్లో ఉన్న భోషాణం వందేళ్లు దాటినది, అక్క డాలస్‌కి పంపమంటోంది.

చెక్కపని:
మంచి పని చేశారు. బిద్రీ అంటే ఎక్కువగా జింకు, కొద్దిగా రాగి, మీద వెండి తీగ పొదుగుతారు. ఆ నలుపు మురికి కాదు. బీదర్ కోట మట్టి, నవాసారం కలిపి తెప్పించేది. పులుపు తగిలితే పోతుంది. కొబ్బరినూనె చుక్క వేసి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు.

పాత సామాను:
భోషాణం పంపలేరమ్మా. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాఖండాల్ని, పనితనం ఉన్న వస్తువుల్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. ఇంట్లో ఉంచుకోవచ్చు, వ్యాపారం చేయాలంటే లైసెన్స్ కావాలి. మీ అల్మరాకి ఇంకా వందేళ్లు నిండలేదు, అయినా రోజ్‌వుడ్ 2017 నుంచి సైట్స్ (CITES, ముప్పున్న జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) జాబితాలో ఉంది. బయటికి పంపాలంటే దానికి వేరే అనుమతులు చూసుకోవాలి.

నల్లకుంట అమ్మాయి:
స్పిరిట్ అద్ది చూశాను, జిగటగా అయింది. లక్కే. ఈ చర్చ తమ్ముడితో చదివించాను. మెషిన్ వద్దని ఒప్పుకున్నాడు, లోపలి అరలు మాత్రం బట్టలకి జిడ్డు అంటకుండా శుభ్రంగా చేయిస్తానన్నాడు. అద్దం దగ్గరే పేచీ. చుక్కల్లో మొహం కనపడదు, మార్చాల్సిందే అంటున్నాడు.

కోకాపేట 14వ అంతస్తు:
అద్దం విషయంలో మాత్రం నేను ఇప్పటికీ ఆయన వైపే. మొహం చూసుకోవడానికి పనికిరాని అద్దం ఎందుకు?

చెక్కపని:
నేనైతే ఉంచేస్తాను. వెనక పూత తేమకి పోయిందే గానీ గాజు అంచుల చెక్కడం బాగానే ఉందిగా. చూసుకోవడానికి పక్క గోడకి ఇంకో అద్దం పెట్టుకోవచ్చు.

పాత సామాను:
మార్చాలనే అనుకుంటే పాత అద్దాన్ని పగలగొట్టకుండా తీయించండి. దుప్పటి చుట్టి అల్మరా వెనకే నిలబెట్టండి, ఆ సైజు కొత్త అద్దం కూడా ఫ్రేమ్ తొలవకుండా కూర్చోవాలి. తరలించేటప్పుడు లిఫ్ట్‌లో పట్టడం లేదని అడ్డంగా పడుకోబెట్టనివ్వకండి. ఆ కాలపు అల్మరాలకి పై కిరీటం, కింది పీట చాలావాటికి విడిగా వస్తాయి. ముందు స్క్రూలు ఎక్కడున్నాయో వెతకమనండి.