మామోగ్రామ్‌లో కాంట్రాస్ట్ పెంచితే తెల్ల చుక్కలు: తప్పు ఎక్కడుంది?

నల్లగొండ_ప్రాజెక్ట్:
మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) డైకామ్ ఫైళ్లను (స్కానింగ్ మెషిన్లు ఇచ్చే చిత్రాల ఫైళ్లు) జేపీజీగా మార్చి, ఓపెన్‌సీవీలో (చిత్రాలపై పనిచేసే కోడ్ లైబ్రరీ) క్లాహే (చిత్రాన్ని గడులుగా చేసి ఒక్కో గడిలో కాంట్రాస్ట్ పెంచే పద్ధతి) పెట్టినం. క్లిప్ (కాంట్రాస్ట్ ఎంతవరకు పెరగొచ్చో చెప్పే హద్దు) 40, గడులు 8×8. బయటి నలుపంతా గరుగ్గా వస్తున్నది, లోపల సున్నం (కాల్షియం) చుక్కల్లాంటివి కనిపిస్తున్నయి. మీడియన్ ఫిల్టర్ (ప్రతి పిక్సెల్‌కు చుట్టూ ఉన్నవాటి మధ్య విలువ పెట్టేది) 5×5 పెడితే పోతున్నయి. ఇది సరైనదేనా?

పాలమూరు_ఎక్స్‌రే:
జేపీజీ దగ్గర్నే పని చెడింది తమ్మీ. 12 బిట్ల చిత్రంలో నలుపు నుంచి తెలుపు దాకా 4096 మెట్లుంటయి, 8 బిట్లకు దించితే మిగిలేవి 256. జేపీజీ కుదింపు 8×8 పిక్సెళ్ల గడులుగా జరుగుతది, ఆ గడుల అంచులను క్లాహే ఎత్తి చూపిస్తది. డైకామ్‌నే నేరుగా చదవండి. ఆ ఫైల్‌లో వివరాలుండే (0008,0068) ట్యాగ్‌లో ‘ఫర్ ప్రెజెంటేషన్’ అని ఉంటే మెషిన్ సాఫ్ట్‌వేర్ అప్పటికే చూడ్డానికి వీలుగా దిద్దిందన్నట్టు. దానికి మళ్లీ పదును పెడితే అంచుల చుట్టూ వలయాలు లేస్తయి. ఫోటోమెట్రిక్ ఇంటర్‌ప్రెటేషన్ అనే వేరే ట్యాగ్‌లో ‘మోనోక్రోమ్1’ (చిన్న విలువ తెల్లగా కనిపించే రకం) అని ఉంటే నలుపు తెలుపులు ముందే తిప్పుకోవాలి.

సూర్యాపేట_కోడ్:
40 అనేది ఓపెన్‌సీవీ తనంతట తాను పెట్టుకునే విలువ, మామోగ్రామ్‌కు చాలా ఎక్కువ. 8 బిట్లలో 2తో మొదలుపెట్టండి. 16 బిట్లలో అదే 2 అదే ఫలితం ఇయ్యదు, హిస్టోగ్రామ్ (ఏ మెట్టులో ఎన్ని పిక్సెళ్లున్నయో లెక్క) గదులు 256 నుంచి 65536 అయితయి కాబట్టి. అక్కడ మళ్లీ చూసుకోవాల్సిందే. క్లాహే తర్వాత మాస్క్ (అక్కర్లేని భాగాన్ని మూసే ముసుగు) వేసి రొమ్ము భాగం ఒక్కటే ఉంచండి: ఓట్సు గీతతో (వెలుగు, చీకటి పిక్సెళ్లను విడదీసే విలువను తానే లెక్కగట్టే పద్ధతి) విడదీసి, అన్నిట్లో పెద్ద ముక్కను తీసుకోండి. చిత్రం మీద వేసే ఎడమ-కుడి గుర్తు కూడా దాంతోనే పోతది. ఓట్సు ఒక్కోసారి చర్మం అంచును కోసేస్తది, మాస్క్‌ను కొంచెం వెడల్పు చేయండి.

పాలమూరు_ఎక్స్‌రే:
5×5 మీడియన్ మాత్రం వద్దే వద్దు. పిక్సెల్ 70 మైక్రాన్లయితే 0.2 మిల్లీమీటర్ల సున్నం చుక్క మూడు పిక్సెళ్లే. 25 పిక్సెళ్లలో తెల్లవి 9, మధ్య విలువ నలుపు దిక్కే పడుతది, చుక్క మాయం. క్యాన్సర్‌కు తొలి గుర్తు ఆ చుక్కల గుంపే కావచ్చు. నిజమైన చుక్కో కాదో తేల్చుకోవాలంటే సీసీ (పై నుంచి తీసేది), ఎమ్‌ఎల్‌ఓ (పక్క నుంచి ఏటవాలుగా తీసేది) రెండు వ్యూలూ, అసలు చిత్రం పక్కన పెట్టుకొని చూడండి. నాయిస్ (చిత్రంలో ఊరికే వచ్చే గరుకు) రెండు వ్యూలలో ఒకే తావున రాదు. కదలిక వల్ల మసకబారినదాన్ని ఏ ఫిల్టరూ బాగుచేయదు, మళ్లీ తీయాల్సిందే.

సూర్యాపేట_కోడ్:
ఏఐ మోడల్‌కు ఇచ్చేటప్పుడు 3328×2560 పిక్సెళ్ల చిత్రాన్ని 512 పిక్సెళ్లకు కుదించకండి, ఆ మూడు పిక్సెళ్ల చుక్క ఒక పిక్సెల్ కూడా మిగలదు. ముక్కలుగా కోసి ఇయ్యండి.