ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మైదానాల్లో నిలుచుని చూసే స్టాండ్లు: ఇచ్చిన అనుమతిని ఇంకా పెంచాలా?

కాకినాడ_మాంచెస్టర్:
ఇంగ్లండ్‌లో పై రెండు డివిజన్ల మైదానాల్లో నిలుచుని మ్యాచ్ చూడడానికి 1994 నుంచి అనుమతి లేకుండా పోయింది. 2022 జనవరిలో చెల్సీ, మాంచెస్టర్ సిటీ, మాంచెస్టర్ యునైటెడ్, టాటెన్‌హామ్, కార్డిఫ్ సిటీ మైదానాల్లో ప్రయోగాత్మకంగా ఆ అనుమతిని తిరిగి ఇచ్చి, 2022–23 సీజను నుంచి షరతులు పాటించే క్లబ్బులన్నింటికీ వర్తింపజేశారు. మైదానంలో అభిమానుల హోరు తిరిగి రావాలంటే, గోల్‌పోస్టుల వెనక ఉన్న రెండు స్టాండ్లనూ పూర్తిగా ఇలా మార్చాలని నేను కోరుతున్నాను. ఇది సీట్లు లేని మెట్ల మీద గుంపుగా నిలుచునే పాతకాలపు టెర్రస్ కాదని ముందే చెబుతున్నాను. ప్రతి వరుసకూ నడుము ఎత్తున ఇనుప కమ్మీ ఉంటుంది, దానికి మడత సీటు బిగించి ఉంటుంది, టికెట్ మీద వరుస సంఖ్యా సీటు సంఖ్యా ఉంటాయి. గోల్ పడినప్పుడు వెనకవాళ్ళు ముందుకు తూలినా ఆ బరువును కమ్మీ ఆపుతుంది. సీట్లు మాత్రమే ఉన్న రోజుల్లో కూడా వేలమంది మోకాలి ఎత్తు ప్లాస్టిక్ సీట్ల మధ్య నిలుచునే ఆట చూశారు. నా ఉద్దేశంలో అసలు ప్రమాదం దానిలోనే ఉంది.

తెనాలి_యార్క్‌షైర్:
ఈ విషయాన్ని కమ్మీల ఎత్తుతో మొదలుపెట్టేవారిని చూస్తే నాకు ఆశ్చర్యం కలుగుతుంది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల ఎఫ్.ఎ. కప్ సెమీఫైనల్ మొదలైన కొద్ది నిమిషాలకే, లెపింగ్స్ లేన్ వైపు ఇనుప కంచెలతో కట్టిన దొడ్లలో జనం ఊపిరాడక నలిగిపోయారు. ఆ గాయాల ఫలితంగా 2021లో మరణించిన వ్యక్తితో కలిపి మృతుల సంఖ్య 97. నేను అప్పటికి ఈ ప్రాంతంలోనే ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఆ దుర్ఘటనపై విచారణ జరిపిన న్యాయమూర్తి టేలర్ 1990 జనవరిలో ఇచ్చిన తుది నివేదికలో పెద్ద మైదానాలన్నీ సీట్లతోనే ఉండాలని సిఫారసు చేశారు. ఆ తరువాత ఇంగ్లండ్‌లోని పెద్ద మైదానాల్లో అటువంటి ఘోరం మళ్ళీ జరగలేదు. ఇన్నేళ్ళుగా పనిచేస్తున్న ఏర్పాటును, కేకలు సరిగా వినిపించడం లేదనే కారణంతో సడలించడం నాకు సమ్మతం కాదు.

కాకినాడ_మాంచెస్టర్:
తెనాలిగారూ, టేలర్ నివేదికను మీరు సగమే చెప్పారు. నిలుచుని చూడడం దానంతట అదే ప్రమాదకరం కాదని ఆయనే రాశారు. హిల్స్‌బరోలో ప్రధాన కారణం పోలీసులు జనాన్ని అదుపు చేయలేకపోవడమేనని ఆయన తేల్చారు. బయట ఒత్తిడి పెరిగినప్పుడు సి గేటు తెరిచి, లోపల అప్పటికే కిక్కిరిసి ఉన్న మధ్య దొడ్లకు దారితీసే సొరంగ మార్గాన్ని మూయకుండా వదిలేశారు. 2016లో మరణ విచారణ జరిపిన జ్యూరీ ఆ మరణాలు చట్టవిరుద్ధమైన హత్యలేనని, అభిమానుల తప్పేమీ లేదని నిర్ణయించింది. కాబట్టి ప్రాణాలు తీసినవి కంచెలూ అధికారుల నిర్లక్ష్యమే కానీ నిలుచోవడం కాదు. 1985లో బ్రాడ్‌ఫర్డ్ మైదానంలో అగ్నికి 56 మంది ఆహుతైనప్పుడు తగలబడింది సీట్లున్న చెక్క స్టాండే కదా?

గ్యాలరీ_హైదరాబాద్:
మా ఊళ్ళో ఫుట్‌బాల్ మ్యాచ్‌కు జనం వస్తే చాలు, కూర్చుంటారో నిలుచుంటారో తరువాత తేల్చుకుంటాము.

లెక్కల_మాస్టారు:
నాది ఒక్కటే ప్రశ్న. జర్మనీలోని డార్ట్‌మండ్ మైదానంలో దక్షిణపు స్టాండులో సుమారు 25,000 మంది నిలుచుంటారు. ఐరోపా పోటీల కోసం అక్కడ సీట్లు అమర్చిన రోజుల్లో మొత్తం మైదానం సామర్థ్యం 81 వేల నుంచి 66 వేల దాకా తగ్గేది. అంటే జర్మనీలో ఒక సీటు పట్టే చోట దాదాపు ఇద్దరు నిలుచుంటున్నారు. ఇంగ్లండ్‌లో మాత్రం ఇప్పటికి ఒక సీటుకు ఒక మనిషి అనే నియమం ఉంది. ఆ నియమం ఎప్పటికీ మారకూడదని కాకినాడగారు ఒప్పుకుంటారా, లేదా?

తెనాలి_యార్క్‌షైర్:
కాకినాడగారూ, నిలుచోవడం దానంతట అదే ప్రమాదకరం కాదన్న టేలర్ వాక్యాన్నే మీరు గట్టిగా పట్టుకున్నారు. ఆ వాక్యం రాసిన మనిషే, అన్నీ తూచి చూసిన తరువాత, సీట్లే కావాలని సిఫారసు చేశారన్నది మీ వాదనలో ఎక్కడికి పోయింది? సీట్లతో సమస్యలన్నీ తీరిపోతాయని ఆయన అనలేదు, కానీ రక్షణకూ జనాన్ని అదుపులో ఉంచడానికీ వాటికి మించిన మార్గం లేదన్నదే ఆయన అభిప్రాయం. పిల్లల్ని పోగొట్టుకున్న హిల్స్‌బరో కుటుంబాలలో పలువురు ఈ స్టాండ్లను ఏళ్ళ తరబడి వ్యతిరేకించారు. వారికంటే మనకు ఎక్కువ తెలుసునని అనుకోవడం అహంకారం.

కాకినాడ_మాంచెస్టర్:
ఆ కుటుంబాల పట్ల నాకు గౌరవం ఉంది, అయితే వారందరిదీ ఒకే మాట కాదు. 2017లో లివర్‌పూల్ అభిమానుల సంఘమైన స్పిరిట్ ఆఫ్ షాంక్లీ తన సభ్యుల అభిప్రాయం అడిగినప్పుడు అత్యధికులు కమ్మీల స్టాండ్లకు అనుకూలంగా ఓటు వేశారు. 2021లో లివర్‌పూల్ సొంత మైదానమైన ఆన్‌ఫీల్డ్‌లోనే, గోల్‌పోస్టు వెనక ఉన్న కాప్ స్టాండుతో సహా, కమ్మీల సీట్లు అమర్చారు. స్కాట్లండ్‌లో సెల్టిక్ క్లబ్బు 2016 నుంచీ ఆ పద్ధతిని నడుపుతోంది. టేలర్ చూసినవి 1989 నాటి సిమెంటు మెట్లు. ఈ కమ్మీల సీట్లను ఆయన చూడలేదు.

వెనక_వరుస:
మీరిద్దరూ రక్షణ గురించి మాట్లాడుతున్నారు కాబట్టి నా అనుభవం కూడా చెబుతాను. నా ఎత్తు ఐదడుగులకు లోపే. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళప్పుడు, ఒక పెద్ద క్లబ్బు మైదానంలో కూర్చునే స్టాండులోనే రెండు టికెట్లు కొన్నాను. ఆట మొదలైన క్షణం నుంచి మా ముందు వరుసలన్నీ నిలుచునే ఉన్నాయి. జనాన్ని చూసుకునే మైదానం సిబ్బంది, అంటే స్టీవార్డును అడిగితే, అంతమందిని కూర్చోబెట్టడం తన వల్ల కాదని, మమ్మల్ని కూడా నిలుచోమని సలహా ఇచ్చాడు. పిల్ల సీటు ఎక్కి నిలుచుంటే, అది ప్రమాదమని ఆ స్టీవార్డే వచ్చి దింపాడు. క్లబ్బుకు ఉత్తరం రాస్తే, నా అభిప్రాయం తమకు ఎంతో విలువైనదని బదులు వచ్చింది.

కాకినాడ_మాంచెస్టర్:
చూశారా, నిలుచునే వారికి విడిగా చోటు ఉండి ఉంటే ఈ అమ్మగారికి ఆ కష్టం వచ్చేది కాదు.

తెనాలి_యార్క్‌షైర్:
చూశారా, నిలుచునే అలవాటును వదిలేస్తే అది ఎంతవరకు పాకుతుందో ఈవిడే చెబుతున్నారు.

వెనక_వరుస:
నేను ఎవరి తరఫునా సాక్ష్యం చెప్పడానికి రాలేదు. 2022 నాటి అనుమతిలోనే, మిగిలిన స్టాండ్లలో గోల్ పడినప్పటి వంటి కొద్ది క్షణాలు తప్ప అందరూ కూర్చోవాలని ఉంది. ఆ సగాన్ని ఎవరు అమలు చేస్తున్నారో చెప్పండి. చక్రాల కుర్చీలో వచ్చేవారు ముందు వరుస లేచి నిలుచుంటే ఏమి చూస్తారో కూడా చెప్పండి.

లెక్కల_మాస్టారు:
నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. ఒక సీటుకు ఒక మనిషి.

కాకినాడ_మాంచెస్టర్:
మాస్టారూ, వస్తాను. ముందు తెనాలిగారికి ఒక మాట చెప్పాలి. టేలర్ గారి మాటలలో మీ తరం మరిచిపోయినది ఇంకొకటి ఉంది. సీట్లు వేసినంత మాత్రాన పేదవాడికి టికెట్ అందకుండా పోనక్కరలేదని చెబుతూ, గ్లాస్గోలోని ఐబ్రాక్స్ మైదానంలో సీటు ధర ఆరు పౌండ్లు, నిలుచునే చోటు ధర నాలుగు పౌండ్లు ఉండడాన్ని ఆయన ఉదాహరణగా చూపారు. ఆ తరువాత క్లబ్బులు ఏమి చేశాయి? 1992లో ప్రీమియర్ లీగ్ వచ్చింది, టెర్రస్‌లు పోయాయి, ధరలు ఆకాశాన్నంటాయి. నేను గిడ్డంగిలో రాత్రి పని చేస్తాను. నాతోపాటు పనిచేసేవారిలో మూడు తరాలుగా ఒకే క్లబ్బును ప్రేమించే కుటుంబాలు ఉన్నాయి, వారు ఇప్పుడు మ్యాచ్‌ను టీవీలో చూస్తున్నారు. వారి చోట్లలో మీ వంటి పెద్దమనుషులు ఒళ్ళో దుప్పటి కప్పుకుని, అరగంటకొకసారి చప్పట్లు కొడుతున్నారు. మీరు రక్షణ అనే మాటను అడ్డం పెట్టుకుని మీ సుఖాన్ని కాపాడుకుంటున్నారు.

తెనాలి_యార్క్‌షైర్:
నా సుఖం సంగతి మీరు ఎత్తారు కాబట్టి ఇక దాచను. ఈ దేశానికి వచ్చిన తొలినాళ్ళలో, సహోద్యోగి పిలిస్తే ఒక టెర్రస్‌కు వెళ్ళాను. మొదటి సగం ముగియకముందే నా కోటు వీపు మీద ఉమ్మి పడింది. చుట్టూ ఉన్న కుర్రవాళ్ళు నన్ను చూసి కోతికూతలు కూశారు. నన్ను పిలిచిన మిత్రుడు నేల చూపులు చూశాడు. ఆ గుంపులో ఎవడు చేశాడో చెప్పలేము, ఎందుకంటే అక్కడ ఎవడికీ సంఖ్య లేదు, చోటు లేదు, పేరు లేదు. 1988లో లివర్‌పూల్ నల్లజాతి ఆటగాడు జాన్ బార్న్స్ వంటి వాడి మీదికే అరటిపండు విసిరిన కాలం అది. సీట్లు వచ్చిన తరువాతనే నేను మళ్ళీ మైదానంలో అడుగుపెట్టాను, మా అబ్బాయి చేయి పట్టుకుని వెళ్ళాను. మీరు పోయిందని బాధపడుతున్న ఆ వాతావరణం నన్ను బయటికి గెంటిన వాతావరణం. మీ మూడు తరాల కుటుంబాల పక్కన నా కుటుంబానికి కూడా చోటు దొరికింది సీట్ల వల్లనే.

గ్యాలరీ_హైదరాబాద్:
ఈ మాట మొదటే రాసి ఉంటే కమ్మీల ఎత్తు మీద ఇంత చర్చ జరిగేది కాదు.

కాకినాడ_మాంచెస్టర్:
తెనాలిగారూ, మీకు జరిగింది నీచం. అయితే దాన్ని తగ్గించింది సీట్లని నేను ఒప్పుకోను. 1991లో జాతి దూషణ నినాదాలను నేరంగా చేస్తూ చట్టం తెచ్చారు, కెమెరాలు పెట్టారు, 1993లో ఫుట్‌బాల్‌లో జాతి వివక్షకు వ్యతిరేకంగా కిక్ ఇట్ అవుట్ ఉద్యమం మొదలైంది. సీట్లలో కూర్చుని కూడా దూషించేవారిని నేను విన్నాను. కమ్మీల స్టాండులో నాకు సంఖ్య ఉంటుంది, కెమెరా ఉంటుంది. నా పక్కన నిలుచునేవారిలో బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వచ్చినవారు, నైజీరియా నుంచి వచ్చినవారు ఉన్నారు.

తెనాలి_యార్క్‌షైర్:
మీ వయసులో ఆ ధైర్యం మీకు ఉన్నందుకు సంతోషం. నాకు మాత్రం గుంపులో నిలుచోవడమంటే ఈనాటికీ వెనక ఎవరున్నారో చూసుకోవడమే. నాలాంటి వాడు భయం లేకుండా రాగలిగే చోట్లు తగ్గకుండా ఉంటే, మీరు ఒక మూలలో నిలుచోండి. రెండు గోల్‌పోస్టుల వెనకా మొత్తం ఇవ్వమంటే నేను ఒప్పుకోను.

లెక్కల_మాస్టారు:
నా ప్రశ్న అలాగే ఉంది.

కాకినాడ_మాంచెస్టర్:
సరే మాస్టారూ, దాపరికం లేకుండా చెబుతాను. ఆ నియమం ఎప్పటికీ మారకూడదని నేను ఒప్పుకోను. ఒక సీటుకు ఒక మనిషి అన్నంతకాలం క్లబ్బుకు ఒక్క టికెట్ కూడా అదనంగా రాదు, కాబట్టి ధర తగ్గించడానికి కారణమూ ఉండదు. నిలుచునే చోటుకు ధర తగ్గించాలని ఏ నిబంధనా చెప్పడం లేదు. మెట్లు, బయటికి వెళ్ళే దారులు భరించగలవని ఇంజనీర్లు, రక్షణ అధికారులు తేల్చిన చోట ఇద్దరికి చోటిచ్చి, ధరను సగం చేయాలన్నదే నా అసలు కోరిక. జర్మనీలో అది సాగుతున్నది.

లెక్కల_మాస్టారు:
ధర సగం చేస్తామని క్లబ్బు రాసిచ్చే దాకా నేను రెండో మనిషిని ఒప్పుకోను. ఆదాయం రెట్టింపు చేసుకుని ధర అలాగే ఉంచడమే వారికి లాభం.

తెనాలి_యార్క్‌షైర్:
అంటే ఇంతసేపూ మీరు అడిగింది కమ్మీ కాదు, టెర్రస్. లెపింగ్స్ లేన్‌లో కూడా ఎంతమంది పడతారో ఒక అధికారిక సంఖ్య ఉండేది. ఆ మధ్య దొడ్లలోకి ఎంతమంది వెళ్ళారో లెక్కపెట్టే గేటు మాత్రం ఏదీ లేదు.

వెనక_వరుస:
ఒకరికి ఒక చోటైనా, ఇద్దరికి ఒక చోటైనా, నేను కొన్న కూర్చునే టికెట్‌కు కూర్చుని చూడగలిగే హామీ కావాలి. ఈ శనివారం మళ్ళీ వెళుతున్నాము. ఈసారి బాల్కనీ మొదటి వరుసలో తీసుకున్నాను, ధర మాత్రం దాదాపు రెట్టింపు.