200 గజాల ఇంటికీ కూల్ రూఫ్ రూల్ పెడితే పైసలు ఎవరు పెట్టాలె?

బోడుప్పల్ ఓనర్
మాది 200 గజాల ఇల్లు. కింద మేముంటం, పైన రెండు పోర్షన్లు కిరాయికిచ్చినం. పై అంతస్తు పిలగాడు మొన్న కిరాయి పంపుకుంట మెసేజ్ పెట్టిండు: "అంకుల్, స్లాబ్ మీద కూల్ పెయింట్ వేయించండి, రాత్రి నిద్ర పడతలేదు." సర్కారు రూల్ గూడ ఉందన్నడు. చూస్తే నిజమే, 2023 ఏప్రిల్‌ల వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ. సర్కారు బిల్డింగులకు, కమర్షియల్ వాటికి ఎంత జాగ అయినా తప్పదు. ఇండ్లకైతే 600 గజాలు, ఆపైన ఉంటేనే తప్పనిసరి. మాలాంటోళ్లకు ఇష్టముంటేనే. బతికిపోయిన అనుకున్న.

గిప్పుడు మా కాలనీ వాట్సాప్‌ల ఒకాయన చిన్న ఇండ్లకు గూడ పెట్టాలె అని ఒకటే లొల్లి. నేనడిగేది ఒక్కటే. పైసలు నావి. చల్లగుండేది పైన కిరాయికున్నాయనకు. కరెంటు బిల్లు తగ్గేది ఆయనకు. నాకేమొస్తది? ఇంటి పన్ను నాదే, బోరు మోటరు కాలితే నేనే, సంపు కడిగిపిచ్చుడు నేనే.

మూడో అంతస్తు
అంకుల్ గారూ, ఆ అబ్బాయి నేను కాదు గానీ నేనే అనుకోండి. మే నెలలో రాత్రి పదకొండింటికి మంచమెక్కి స్లాబుకి అరచెయ్యి ఆనించి చూడండి, అప్పుడే పొయ్యి మీంచి దించిన గిన్నె మూతలా ఉంటుంది. ఫ్యాను ఆ వేడినే కిందికి తోస్తుంది. మధ్యాహ్నం కుళాయి తిప్పితే స్నానానికి కాచినట్టు నీళ్ళు. కూలర్ కొన్నాను, కిటికీ అవతల జానెడు దూరంలో పక్కింటి గోడ. గాలి ఆడక ఇల్లంతా జిడ్డు. చివరికి సెకండ్ హ్యాండ్ ఏసీ పెట్టుకున్నా.

మీకేమొస్తుందంటే, ప్రతి ఏప్రిల్లో టులెట్ బోర్డు కట్టే పని తప్పుతుంది.

స్లాబు శీను
సైటు పనిలో పదిహేనేళ్ళు. కొన్ని సంగతులు.

కూల్ రూఫ్ అంటే బ్రహ్మవిద్య కాదు. ఎండను తిప్పికొట్టే తెల్ల పెయింటు, లేదా తెల్ల టైల్స్, లేదా పరిచే షీటు. మన హైదరాబాద్‌లోనే 2017లో దేవరకొండ బస్తీలో 25 పేదల ఇళ్ళ మీద తెల్ల షీటు పరిచి చూశారు, లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండేనా అనకండి, ఏసీ లేని ఇంట్లో రెండు డిగ్రీలు ఎంతో ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకే తెలుసు.

ఖర్చు చదరపు మీటరుకి 300 రూపాయలు అని పాలసీ తెచ్చినప్పుడు చెప్పారు. 1,200 చదరపు అడుగుల స్లాబంటే 111 చదరపు మీటర్లు, 33 వేల పైచిలుకు. పగుళ్ళు పూడ్చే ఖర్చు వేరే. మన రోడ్ల దుమ్ముకి రెండు వేసవుల్లో తెలుపు కాస్తా బూడిద రంగులోకి దిగుతుంది, కడుగుతుండాలి.

ఇక 600 గజాల గీత. పాలసీ వచ్చినప్పుడు ఇంటి అనుమతులిచ్చే ఆన్‌లైన్ పద్ధతి టీఎస్-బీపాస్‌లో 75 గజాల లోపుంటే అనుమతే అక్కర్లేదు, 600 గజాల దాకా స్వీయ ధ్రువీకరణతో వెంటనే ఇచ్చేసేవారు. ఆ పైనే ఆఫీసు వాళ్ళు చూసేది. ఎవరిని పట్టుకోవడం తేలికో వాళ్ళకే రూల్ పెట్టారని నా అనుమానం. 600 గజాల్లో ఇల్లు కట్టేవాడు గదికో ఏసీ పెట్టుకునే ఉంటాడు. మాడిపోయేది మాత్రం 100 గజాల్లో మూడంతస్తులేసి, ఆ పైన రేకులేసిన గదిలో ఉండేవాడు.

కిరాయే పింఛను
శీను తమ్మీ, మంచిగ చెప్పినవ్. మరి ఆ 33 వేలు ఎక్కడికెల్లి తేవాలె? మా ఆయన పోయినంక రెండు పోర్షన్ల కిరాయి 14 వేలే నాకు ఆధారం. రూల్ అంటే పెయింటు ఒక్కటే గాదు. ఇంజనీరు కాయితం అంటరు, ఫోటోలు అప్‌లోడ్ జెయ్యమంటరు, చూడనీకి ఒకడొస్తడు, వచ్చినోని చాయ్ పైసలు. రూపాయి కిరాయి పెంచితే మళ్ళ మీరే "ఓనర్లు దోసుకుంటున్నరు" అంటరు. మూడో అంతస్తు బాబూ, నువ్వు రెండేండ్లల్ల ఖాళీ జేస్తవ్. అప్పు నాకుంటది.

లెక్కల మాస్టారు
అందరూ "బిల్లు తగ్గుతుంది" అంటున్నారు. ఎంత? మా బిల్లులో ఉన్న రేట్లతో వేశాను, తెలంగాణ గృహ వినియోగం, ఎనర్జీ ఛార్జీలు మాత్రమే.

200 యూనిట్లకు: మొదటి వంద 3.40, రెండో వంద 4.80. మొత్తం 820. ఒక్క యూనిట్ దాటి 201 అయితే మొదటి రెండొందలకీ 5.10, పై యూనిట్‌కి 7.70. మొత్తం 1,027.70. ఆ ఒక్క యూనిట్ ధర 207 రూపాయలన్నమాట!

వేసవిలో నెలకు 250 కాలేది 200కి దిగిందనుకుందాం. 1,405 కాస్తా 820, అంటే 585 మిగులు. మూడు నెలలకు 1,755. 33 వేలు రాబట్టడానికి పందొమ్మిదేళ్ళు. అప్పటిదాకా పెయింటు ఉండదు, బహుశా అద్దెదారూ ఉండడు.

గృహజ్యోతి ఉన్న ఇంటి లెక్క వేరు. 2024 మార్చి నుంచి అర్హులకు 200 దాకా సున్నా బిల్లు, దాటితే మొత్తం కట్టాలి. 210 నుంచి 200కి దిగితే నెలకు 1,097 మిగులు. అయినా అది వేసవి మూడు నెలలే కాబట్టి పదేళ్ళు పడుతుంది.

బోడుప్పల్ ఓనర్
మాస్టారూ మీకు దండం. గిదే నేను మొత్తుకునేది.

మూడో అంతస్తు
మాస్టారూ, నా నిద్ర మీటర్లో ఎక్కదు. మా పక్క పోర్షన్‌లో బాలింత ఉంది, తడి చీర కిటికీకి వేలాడదీసి పడుకుంటోంది. ఆమెకు ఏసీయే లేదు కాబట్టి ఆదా కూడా సున్నా. మీ లెక్క ప్రకారం ఆమెకు చల్లదనమే అక్కర్లేదు.

లెక్కల మాస్టారు
ఒప్పుకుంటాను. నేను బిల్లు లెక్కే చెప్పాను. బిల్లు పేరు చెప్పి ఓనర్లకు రూల్ అమ్మకండి, అది నిలబడదు.

రెడింగ్ నుంచి
ఇంగ్లండ్ అనుభవం కొంచెం. ఇక్కడ గొడవ చలితో. ఇంధనం ఎంత పొదుపుగా వాడుతుందో చూసి ఇంటికి 'ఏ' నుంచి 'జీ' దాకా గ్రేడు. 2018 ఏప్రిల్ నుంచి 'ఈ' కన్నా తక్కువున్న ఇల్లు కొత్తగా అద్దెకివ్వకూడదు, 2020 నుంచి పాత అద్దెలకూ అదే. కానీ ఓనరు పెట్టే ఖర్చుకి 3,500 పౌండ్ల హద్దు గీశారు. అంత పెట్టినా గ్రేడు రాకపోతే మినహాయింపు. పైన అక్కగారి భయానికి ఇలాంటి హద్దు పనికొస్తుంది.

మాకు చిరాకు వేరేది. 'సీ' గ్రేడు కావాలన్నారు. నేను అద్దెకిచ్చిన ఫ్లాటుకి కొటేషన్ తీసుకున్నాను. 2023 సెప్టెంబరులో అప్పటి ప్రధాని సునాక్ అక్కర్లేదన్నారు, ఆపేశాను. తర్వాతి ప్రభుత్వం 2030 కల్లా 'సీ' అంది. అదే పనివాడు అదే పనికి ఇప్పుడు ఎక్కువ అడుగుతున్నాడు. రూల్ కఠినమైనా ఒకటే మాట మీద ఉంటే చాలు బాబూ.

స్లాబు శీను
రెడింగ్ అన్న చెప్పిన హద్దు బాగుంది. నా మాట: కొత్తగా కట్టే ప్రతి ఇంటికీ పెట్టాలి, 100 గజాలైనా సరే. కట్టేటప్పుడు ఆ ఖర్చు టైల్స్ బేరంలో కలిసిపోతుంది. కేంద్రం 2018లో తెచ్చిన ఇళ్ళ ఇంధన పొదుపు నియమావళి ఎకో నివాస్ సంహితలో పైకప్పు గుండా ఎంత వేడి దిగొచ్చో ఒక హద్దు ఉంది, ఉత్త స్లాబులో అంతకు రెండింతల పైనే దిగుతుంది. పాత ఇళ్ళకి మాత్రం రూల్ వద్దు. వాళ్ళు మార్చిలో సున్నం కొట్టించుకుంటే సగం పని అవుతుంది. వానకి పోతుంది, మళ్ళీ ఏడాది కొట్టాలి, అంతే. మన తాతలు చేసిందే. ఒక్కటి గుర్తుంచుకోండి, ఇదంతా పై అంతస్తుకే. పడమటి గోడకి ఎండ తగిలే కింది పోర్షన్‌కి దీంతో ఒరిగేదేమీ లేదు.

కిరాయే పింఛను
సున్నమంటే నేను గూడ కొట్టిపిస్త. గది చెప్పనీకి పాలసీ ఎందుకు?

బోడుప్పల్ ఓనర్
నిన్న రాత్రి పది గంటలకు పైకి పోయిన. ఈ ఇల్లు కట్టి పన్నెండేండ్లాయె, ఎండకాలం రాత్రి పై పోర్షన్‌ల ఎన్నడు కూసోలేదు. పిలగాడు కుర్చీ ఏసిండు. చాయ్ తాగేలోపట బనీను తడిసి ఒంటికి అంటుకున్నది.

33 వేలు పెట్ట. చిన్న ఇండ్లకు రూల్ పెడితే ఒప్పుకోను గూడ. ఆదివారం సున్నం కొట్టిపిస్త. శీనూ, అండ్ల ఫెవికాల్ ఏమన్న కలపాల్నా?

స్లాబు శీను
గట్టిగా పట్టుకోవడానికి కొందరు కలుపుతారు. దానికన్నా ముందు స్లాబు ఊడ్చి కడిగించండి, నాచుంటే గీకించండి. పగుళ్ళ ఫోటోలు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.

మూడో అంతస్తు
అంకుల్ గారూ, మా ఓనర్ నంబరు పంపిస్తా. ఒక్కసారి మాట్లాడతారా?